ఫ్రీఆర్‌టాస్ సీ ఫంక్షన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సీ భాష వచ్చి, ఒక బోర్డు మీద ఎల్‌ఈడీ వెలిగించి ఆర్పడం కూడా వచ్చి, ఇప్పుడే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఆర్‌టాస్)లోకి అడుగుపెట్టిన వారి కోసం ఈ పేజీ. ఫంక్షన్ల పేర్లను మనం పక్క సీటువారితో ఎలా పలుకుతామో అలాగే తెలుగులో రాశాను. హెడర్ ఫైల్ తెరిస్తే ఏది ఏదో ఇట్టే తెలుస్తుంది.

ఒకే పెద్ద లూపు రాసుకుంటే సరిపోదా? ఆర్‌టాస్ ఎందుకు?

చాలా పనులకు సరిపోతుంది. రెండు సెన్సర్లు చదివి ఒక రిలే తిప్పే పెట్టెకు ఆర్‌టాస్ పెట్టడం అనవసరమైన హంగు. లూపులో ఒక పని సాగితే మిగతావన్నీ దాని వెనక ఆగాల్సి వచ్చినప్పుడే చిక్కు. డిస్‌ప్లే మీద బొమ్మ గీయడానికి 40 మిల్లీసెకన్లు పడుతుంది, మోటారుకేమో ప్రతి 2 మిల్లీసెకన్లకు ఒకసారి లెక్క కట్టాలి. ఈ రెండింటినీ ఒకే లూపులో ఇరికించాలంటే బొమ్మ గీసే పనిని ఇరవై ముక్కలు చేయాలి. ఆర్‌టాస్ ఆ ముక్కలు చేసే పనిని తన మీద వేసుకుంటుంది. బదులుగా మీరు ఒక అలవాటు చేసుకోవాలి. ఏ ఫంక్షన్‌ను పిలిచినా ఇక్కడ ఎవరు ఆగుతారు, ఎంతసేపు ఆగుతారు, వారిని ఎవరు లేపుతారు అని అడగాలి. కింద ఉన్న జవాబుల్లో చాలావరకు ఈ మూడు ప్రశ్నలకే తిరిగి వస్తాయి.

ఫ్రీఆర్‌టాస్‌నే ఎందుకు తీసుకున్నారు?

చవకగా దొరికే బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది అదే కాబట్టి. రిచర్డ్ బారీ మొదలుపెట్టిన ఈ కెర్నల్ (ఆర్‌టాస్‌లోని అసలు ముక్క) బాధ్యతను 2017లో అమెజాన్ తీసుకుంది. ఆ ఏడాది నుంచే ఎంఐటీ లైసెన్స్ కిందికి వచ్చింది, అంటే అమ్మే వస్తువులో పెట్టుకోవడానికీ అడ్డు లేదు. అసలు గుండెకాయ మూడు సీ ఫైళ్లు: టాస్క్స్, క్యూ, లిస్ట్. వాటికి మీ ప్రాసెసర్‌కు సంబంధించిన పోర్ట్ ఫైలు, ఒక హీప్ ఫైలు, మీరు నింపుకునే కాన్ఫిగ్ హెడర్ చేర్చితే చాలు. ఒక ఆదివారం కూర్చుని మొత్తం చదివేయగల కెర్నల్ ఇది. నిజంగా చదవండి, ముఖ్యంగా లిస్ట్ ఫైలు.

పేర్ల ముందు ఎక్స్, వీ, యూఎక్స్ అని ఏమిటవి?

తిరిగి వచ్చే విలువ ఏ రకమో చెప్పే గుర్తులు. వీ అంటే ఏమీ తిరిగి రాదు. ఎక్స్ అంటే సాధారణంగా ఆ ప్రాసెసర్‌కు సహజమైన పూర్ణాంకం లేదా ఏదో ఒక హ్యాండిల్ (సృష్టించినదాన్ని తర్వాత గుర్తుపట్టే ఆనవాలు). యూఎక్స్ అంటే గుర్తు లేని పూర్ణాంకం. పీవీ అంటే వాయిడ్ పాయింటర్. తర్వాతి ముక్క ఆ ఫంక్షన్ ఏ ఫైల్లో ఉందో చెబుతుంది: వీటాస్క్‌డిలీట్ టాస్క్స్ ఫైల్లో, ఎక్స్‌క్యూసెండ్ క్యూకు సంబంధించిన చోట. చూడటానికి వికారంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఎక్స్‌తో మొదలైన ఫంక్షన్‌ను పిలిచి దాని ఫలితాన్ని గాలికి వదిలేసిన లైను కనిపిస్తే, ఇంకొకరి కోడ్ చదివేటప్పుడు నా కన్ను అక్కడే ఆగుతుంది. ఆ సౌకర్యం కోసం వికారాన్ని భరిస్తాను.

ఎక్స్‌టాస్క్‌క్రియేట్‌కు ఆరు విలువలు ఇవ్వాలి. వాటిలో తప్పు జరిగేది ఎక్కడ?

టాస్క్ అంటే తన సొంత స్టాక్‌తో విడిగా నడిచే పని, దాన్ని సృష్టించేది ఈ ఫంక్షన్. ఆ ఆరు ఇవి: ఫంక్షన్, పేరు, స్టాక్ పరిమాణం, లోపలికి పంపే పాయింటర్, ప్రాధాన్యం, హ్యాండిల్ ఉంచే చోటు. వీటిలో మూడోదీ నాలుగోదీ ముంచుతాయి.

స్టాక్ పరిమాణం బైట్లలో కాదు, వర్డ్‌లలో ఇవ్వాలి. 32 బిట్ల ప్రాసెసర్ మీద 256 అని రాస్తే 1024 బైట్లు వస్తాయి. ఈఎస్‌పీ32 చిప్ తయారీదారుల సాఫ్ట్‌వేర్ కిట్‌లో మాత్రం అదే ఫంక్షన్‌కు బైట్లలోనే ఇవ్వాలి. ఎస్‌టీఎమ్32 చిప్ మీద నడిచిన కోడ్‌ను ఈఎస్‌పీ32లో అతికిస్తే స్టాక్ పావు వంతుకు పడిపోతుంది. కంపైలర్ ఒక్క మాట అనదు, బోర్డే అంటుంది.

నాలుగోది పాయింటర్. మెయిన్ లోపలి లోకల్ వేరియబుల్ చిరునామా పంపితే, షెడ్యూలర్ (టాస్కులకు వంతులిచ్చే భాగం) మొదలయ్యాక ఆ స్టాక్‌ను కెర్నల్ వేరే పనికి వాడుకోవచ్చు. కార్టెక్స్ ఎమ్ (ఎస్‌టీఎమ్32 లాంటి చిప్‌లలోని ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్లు) పోర్టుల్లో జరిగేది అదే. స్టాటిక్‌గా ప్రకటించండి, గొడవ ఉండదు.

టాస్క్ ఫంక్షన్ చివర రిటర్న్ రాస్తే ఏమవుతుంది?

వెళ్లడానికి చోటు లేదు. దాన్ని మామూలు ఫంక్షన్‌లా ఎవరూ పిలవలేదు కదా, తిరిగి వెళ్లేది ఎవరి దగ్గరికి? పని ముగిస్తే వీటాస్క్‌డిలీట్‌కు నల్ ఇచ్చి తనను తాను తొలగించుకోవాలి. అలా తొలగించుకున్న టాస్క్ మెమరీని ఐడిల్ టాస్క్ (వేరే ఏ పనీ లేనప్పుడు నడిచేది) తర్వాత శుభ్రం చేస్తుంది. ఐడిల్‌కు ఎప్పుడూ వంతు రాకపోతే ఆ మెమరీ కూడా తిరిగి రాదు.

ప్రాధాన్యంలో పెద్ద సంఖ్య గొప్పదా, చిన్న సంఖ్య గొప్పదా?

ఫ్రీఆర్‌టాస్ టాస్కులకు పెద్ద సంఖ్య గొప్పది. 0 అంటే ఐడిల్. ఏఆర్‌ఎమ్ కార్టెక్స్ ఎమ్ ఇంటరప్టులకు (హార్డ్‌వేర్ పిలిస్తే నడుస్తున్న పనిని ఆపి దూరే కోడ్) దీనికి సరిగ్గా తలకిందులు, అక్కడ 0 అన్నింటికంటే పైది. ఒకే ప్రోగ్రాములో రెండు కొలతలూ ఎదురెదురుగా ఉంటాయి. అలవాటు చేసుకోవడం తప్ప వేరే దారి లేదు.

సమాన ప్రాధాన్యం ఉన్న టాస్కులు టిక్‌కు (కెర్నల్ గడియారం కొట్టే ఒక్కో దెబ్బకు) ఒకసారి వంతులు మారతాయి. పై టాస్క్ ఎక్కడా ఆగకుండా తిరుగుతుంటే మాత్రం కిందివాటికి వంతే రాదు. ఆర్‌టాస్ అంటే అందరికీ సమానంగా పంచేది అనుకుని వచ్చేవారు తడబడేది ఇక్కడే.

ఐదు మిల్లీసెకన్లు ఆగమని రాశాను. అసలు ఆగడం లేదే?

ఈ ప్రశ్న నాకు ఒక విద్యార్థి నుంచి ఫోనులో వచ్చింది. ఈఎస్‌పీ32 బోర్డు, ప్రాధాన్యం 5 ఉన్న టాస్క్, లోపల సెన్సర్ చదివి 5 మిల్లీసెకన్లు ఆగే లూపు. స్క్రీన్ మీద వాచ్‌డాగ్ (ప్రోగ్రాము ఇరుక్కుందేమో చూసే కాపలా టైమర్) హెచ్చరిక: ఐడిల్ టాస్కుకు సమయం దొరకలేదు. అతను రెండు రోజులు సెన్సర్ లైబ్రరీని అనుమానించాడు.

లెక్క వేయమన్నాను. వీటాస్క్‌డిలే తీసుకునేది మిల్లీసెకన్లు కాదు, టిక్‌లు. ఆ కిట్‌లో టిక్ వేగం మొదట 100 హెర్ట్జ్‌గా ఉంటుంది, అంటే ఒక టిక్ 10 మిల్లీసెకన్లు. మిల్లీసెకన్లను టిక్‌లుగా మార్చే మాక్రో 5ను 100తో గుణించి 1000తో భాగిస్తుంది. పూర్ణాంకాల భాగహారం, జవాబు 0. సున్నా టిక్‌లు ఆగమంటే నీతో సమానమైన వాళ్లు ఉంటే వంతు ఇచ్చి వెంటనే రా అని అర్థం. కింద ఉన్న ఐడిల్‌కు చోటే లేదు. ఫోను అవతల కొంచెం నిశ్శబ్దం, తర్వాత చిన్న నవ్వు.

టిక్‌ను 1000 హెర్ట్జ్ చేసుకోవచ్చు. దానికంటే సన్నటి సమయం కావాలంటే హార్డ్‌వేర్ టైమర్ వాడాలి. ఇంకో సంగతి: ఒక టిక్ ఆగమంటే పూర్తి టిక్ ఆగుతుందన్న హామీ లేదు. తర్వాతి టిక్ వచ్చేవరకే ఆగుతుంది, అది అప్పుడే రాబోతూ ఉండవచ్చు.

వీటాస్క్‌డిలే, ఎక్స్‌టాస్క్‌డిలేఅంటిల్ ఒకటే కదా?

కాదు. మొదటిది ఇప్పటి నుంచి లెక్కపెడుతుంది, రెండోది పోయినసారి లేచిన క్షణం నుంచి లెక్కపెడుతుంది. లూపులో పనికి 3 మిల్లీసెకన్లు పట్టి, ఆ తర్వాత 10 ఆగితే ఒక చుట్టు సుమారు 13 అవుతుంది. వంద చుట్లకు ఒక సెకను అనుకున్నది 1.3 సెకన్లు అవుతుంది. నియంత్రణ లెక్కలకు, నమూనాలు తీయడానికి రెండోదే వాడండి. బటన్ అదురు తగ్గేవరకు ఆగడానికి మొదటిది చాలు.

క్యూలో పంపిన మూడు వరుసలూ అవతల ఒకేలా కనిపిస్తున్నాయి. క్యూ చెడిపోయిందా?

క్యూ చెడిపోవడం నేను ఇంతవరకు చూడలేదు. అందులో వేసినదే తప్పు.

ఫ్రీఆర్‌టాస్ క్యూ, అంటే టాస్కుల మధ్య సందేశాలు మోసే వరుస, విలువను కాపీ చేసుకుంటుంది. ఎక్స్‌క్యూక్రియేట్‌లో ఒక్కో అంశం ఎన్ని బైట్లో చెబుతారు, ఎక్స్‌క్యూసెండ్ సరిగ్గా అన్ని బైట్లనూ తన సొంత చోటులోకి ఎత్తుకుంటుంది. 12 బైట్ల స్ట్రక్చర్ పంపితే, ఆ తర్వాత మీ స్ట్రక్చర్‌ను మీరు చెరిపేసినా పరవాలేదు. ఇంత మంచి ఏర్పాటును పక్కన పెట్టి చాలామంది వేగం పేరుతో పాయింటర్‌ను పంపుతారు. అప్పుడు కాపీ అయ్యేది పాయింటరే, అది చూపే అక్షరాలు కాదు. పంపే టాస్క్ ఒకే 64 బైట్ల బఫర్‌లో 31, 32, 33 డిగ్రీలని వరుసగా రాసి మూడుసార్లు దాని చిరునామా పంపిందనుకోండి. అందుకునే టాస్క్ కాస్త ఆలస్యంగా లేచి చూస్తే మూడు చిరునామాలూ ఒకే ఇంటివి. ఆ ఇంట్లో ఇప్పుడున్నది 33. తెర మీద 33, 33, 33.

దీని తమ్ముడు లాంటి తప్పు ఇంకొకటి ఉంది. ఎక్స్‌క్యూసెండ్‌కు ఇవ్వాల్సింది పంపదలచిన అంశం చిరునామా. పాయింటర్‌నే పంపాలంటే ఆ పాయింటర్ వేరియబుల్ చిరునామా ఇవ్వాలి. బఫర్ పేరునే ఇచ్చేస్తే అందులోని మొదటి నాలుగు అక్షరాలు చిరునామాగా అవతలికి వెళ్తాయి. వాటిని పాయింటర్ అనుకుని తెరిచిన టాస్క్ హార్డ్‌ఫాల్ట్‌లో (ప్రాసెసర్ చేతులెత్తేసే తప్పులో) తేలుతుంది. రెండో విలువ రకం వాయిడ్ పాయింటర్ కాబట్టి కంపైలర్‌కు అభ్యంతరం ఉండదు.

నా పద్ధతి ఇది: అంశం చిన్నదైతే విలువనే పంపాలి. పెద్ద బఫర్లయితే కొన్నింటిని ముందే కేటాయించి, ఖాళీ బఫర్ల చిరునామాలకు ఒక క్యూ, నిండిన వాటికి మరో క్యూ పెట్టాలి. ఏ క్షణాన బఫర్ ఎవరి చేతిలో ఉందో అప్పుడు సందేహం ఉండదు.

ఎంతసేపు వేచి ఉండమని చెప్పాలి? అన్నిచోట్లా పోర్ట్‌మ్యాక్స్‌డిలే (ఎంతకాలమైనా ఆగు) పెట్టేయవచ్చా?

అందుకునే టాస్కుకు ఇంకే పనీ లేకపోతే పెట్టవచ్చు. సందేశం వచ్చేదాకా నిద్రపోవడమే దాని ఉద్యోగం. కాన్ఫిగ్‌లో సస్పెండ్ సౌకర్యం తెరిచి ఉంటేనే అది నిజంగా అనంతం అవుతుందని గుర్తుంచుకోండి. పంపేవైపు మాత్రం అలా పెట్టే ముందు ఆలోచించండి. క్యూ నిండితే పంపే టాస్కే నిద్రలోకి జారుకుంటుంది. అది మోటారు టాస్క్ అయితే, లాగ్ రాసే టాస్క్ మందకొడిగా ఉందన్న కారణంతో మోటారు ఆగుతుంది. అలాంటి చోట 0 పెట్టి, తిరిగి వచ్చిన విలువ చూసి, పోయిన సందేశాలను ఒక కౌంటర్‌లో లెక్కించడం మేలు. లాగ్‌లో ఒక వరుస పోయినా ప్రాణం పోదు.

ఇంటరప్ట్ లోపల ఏ ఫంక్షన్లు వాడాలి?

పేరు చివర ఫ్రమ్‌ఐఎస్‌ఆర్ (ఇంటరప్ట్ నుంచి అని అర్థం) ఉన్నవి మాత్రమే. ఇంటరప్ట్ అనేది టాస్క్ కాదు, దాన్ని నిద్రపుచ్చలేం. కాబట్టి ఈ రూపాల్లో వేచి ఉండే సమయం అనే విలువే ఉండదు. దాని బదులు, నీ వల్ల పెద్ద టాస్క్ ఎవరైనా లేచారా అని చెప్పే ఒక వేరియబుల్ చిరునామా ఇవ్వాలి. దాన్ని మొదట ఫాల్స్‌గా పెట్టి, చివర్లో పోర్ట్‌యీల్డ్‌ఫ్రమ్‌ఐఎస్‌ఆర్‌కు అందించాలి. ఈ చివరి లైను మరిచిపోతే ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది, కాకపోతే లేచిన టాస్క్ తర్వాతి టిక్ దాకా కాచుకుని ఉండవచ్చు. ‘అప్పుడప్పుడు ఒక మిల్లీసెకను ఆలస్యం, కారణం తెలియదు’ అనే ఫిర్యాదు వస్తే ముందు ఈ లైనే వెతుకుతాను.

కార్టెక్స్ ఎమ్‌లో ఇంకో ఉచ్చు ఉంది. ఎమ్3, ఎమ్4 రకం ఎస్‌టీఎమ్32లలో ఇంటరప్ట్ ప్రాధాన్యానికి 4 బిట్లు, అంటే 0 నుంచి 15 వరకు. కాన్ఫిగ్‌లో కెర్నల్‌ను పిలవగల హద్దును చాలా ఉదాహరణల్లో 5గా పెడతారు. అప్పుడు 0 నుంచి 4 వరకు ప్రాధాన్యమున్న ఇంటరప్టులు ఏ కెర్నల్ ఫంక్షన్‌నూ పిలవకూడదు, ఫ్రమ్‌ఐఎస్‌ఆర్ రకమైనా సరే. మీరు ఏమీ చెప్పకపోతే ఇంటరప్ట్ ప్రాధాన్యం 0గా ఉంటుంది, అంటే సరిగ్గా నిషిద్ధ ప్రాంతంలో. కాన్ఫిగ్‌అసర్ట్ నిర్వచించి ఉంటే తప్పు చేసిన చోటే ప్రోగ్రాము ఆగి వేలెత్తి చూపిస్తుంది. నిర్వచించకపోతే గంటకోసారి ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది. కొత్త ప్రాజెక్టులో నేను ముందుగా రాసే లైను కాన్ఫిగ్‌అసర్ట్.

మ్యూటెక్స్‌కూ బైనరీ సెమాఫోర్‌కూ తేడా ఏమిటి? రెండూ టేక్, గివ్‌తోనే కదా పనిచేసేది?

ఫంక్షన్ల పేర్లు ఒకటే కావడం వల్లే ఇంత అయోమయం. మ్యూటెక్స్ తాళం లాంటిది: తీసుకున్న టాస్కే తిరిగి ఇవ్వాలి. సెమాఫోర్ గంట లాంటిది: ఒకరు కొడతారు, ఇంకొకరు లేస్తారు. మ్యూటెక్స్ పుట్టగానే ఖాళీగా, తీసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఎక్స్‌సెమాఫోర్‌క్రియేట్‌బైనరీతో పుట్టినది ఎవరైనా ఒకసారి గివ్ చేసేదాకా ఎవరికీ చిక్కదు.

అసలు తేడా ప్రాధాన్య వారసత్వం. దానికి 1997 నాటి మార్స్ పాత్‌ఫైండర్ కథకంటే మంచి ఉదాహరణ దొరకదు. జులై 4న అంగారకుడి మీద దిగిన కొద్ది రోజులకే ఆ నౌకలోని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ కావడం మొదలైంది. అందులో నడిచింది వీఎక్స్‌వర్క్స్ అనే ఆర్‌టాస్. వాతావరణ వివరాలు సేకరించే చిన్న ప్రాధాన్యపు టాస్క్ ఒక తాళం పట్టుకుంటుంది. సమాచార బస్సును (పరికరాల మధ్య సమాచారం నడిచే దారిని) చూసుకునే పెద్ద టాస్క్ అదే తాళం కోసం ఆగుతుంది. ఈలోగా మధ్య ప్రాధాన్యం ఉన్న మరో టాస్క్ వచ్చి చిన్నదాన్ని పక్కకు నెట్టి తీరిగ్గా నడుస్తుంది. చిన్నది కదలదు, తాళం రాదు, పెద్దది గడువు తప్పుతుంది. అది చూసిన వాచ్‌డాగ్ అంతా రీసెట్ చేస్తుంది. ఇంజినీర్లు భూమి మీద ఉన్న నకలు యంత్రంలో ఇదే పరిస్థితిని మళ్లీ రప్పించి, తాళం సృష్టించేటప్పుడు ప్రాధాన్య వారసత్వం అనే ఎంపిక ఆపివేసి ఉందని గుర్తించారు. దాన్ని తెరిచే మార్పును అంగారకుడికి పంపారు, రీసెట్‌లు ఆగాయి.

ఫ్రీఆర్‌టాస్ మ్యూటెక్స్‌లో ఈ వారసత్వం ఎప్పుడూ ఉంటుంది: తాళం పట్టుకున్న చిన్న టాస్కుకు, దాని కోసం ఆగిన పెద్ద టాస్క్ ప్రాధాన్యం తాత్కాలికంగా దక్కుతుంది. బైనరీ సెమాఫోర్‌లో ఉండదు. అందువల్ల పంచుకునే వస్తువును కాపాడటానికి మ్యూటెక్స్, ఇంటరప్ట్ నుంచి కబురు పంపడానికి సెమాఫోర్. మ్యూటెక్స్‌ను ఇంటరప్ట్‌లో ముట్టుకోకూడదు. వారసత్వం ఉంది కదా అని తాళం పట్టుకుని ఫ్లాష్ మెమరీలో రాసుకుంటూ కూర్చుంటే మాత్రం ఏ కెర్నలూ కాపాడలేదు.

వోలటైల్ పెడితే తాళం అవసరం ఉండదంటారు, నిజమేనా?

కాదు. ప్రతిసారీ మెమరీ నుంచే చదువు అని కంపైలర్‌కు చెప్పడం వరకే దాని పని. చదివి, కలిపి, తిరిగి రాసే మూడు అడుగుల మధ్య ఇంకో టాస్క్ దూరడాన్ని అది ఆపదు.

టాస్క్ఎంటర్‌క్రిటికల్, వీటాస్క్‌సస్పెండ్‌ఆల్: ఏది ఎప్పుడు?

మొదటిది ఇంటరప్టులను ఆపుతుంది. కార్టెక్స్ ఎమ్3, ఎమ్4 లాంటి వాటిలో పైన చెప్పిన హద్దు వరకే ఆపుతుంది, ఎమ్0లో అన్నింటినీ. నాలుగైదు లైన్లకు మించి లోపల ఉంచకండి. రెండోది టాస్కుల మార్పిడిని మాత్రమే ఆపుతుంది, ఇంటరప్టులు వస్తూనే ఉంటాయి. ఆ సమయంలో ఆగే ఫంక్షన్లేవీ పిలవకూడదు. ఈఎస్‌పీ32లో రెండు కోర్లు ఉన్నందున మొదటిదానికి స్పిన్‌లాక్ (రెండో కోర్‌ను బయటే ఆపే తాళం) కూడా ఇవ్వాలి. ఒక కోర్‌లో ఇంటరప్టులు ఆపినంత మాత్రాన రెండో కోర్ చేతులు కట్టుకోదు కదా.

టాస్క్ నోటిఫికేషన్లు వాడితే మంచిదంటున్నారు?

ఇవి ఒక టాస్కుకు నేరుగా పంపే కబుర్లు. ఒక ఇంటరప్ట్ ఒకే ఒక టాస్కును లేపాలంటే, అవును. విడిగా సెమాఫోర్ సృష్టించే పని లేదు, మెమరీ మిగులుతుంది. బైనరీ సెమాఫోర్ కంటే 45 శాతం వేగంగా టాస్కును లేపగలదని ప్రాజెక్టు పత్రాలే చెబుతాయి. అందుకునేది ఒక్క టాస్కే కావాలి, పంపేవారు ఆగలేరు. స్ట్రీమ్ బఫర్లు (బైట్లను వరుసగా మోసేవి) కూడా లోపల ఇదే సౌకర్యాన్ని వాడుకుంటాయి, కాబట్టి ఒకే టాస్కులో రెండూ కలిపితే ఆ టాస్కు నోటిఫికేషన్ గడుల్లో సున్నా నంబరు గడి దగ్గర గుద్దుకోవచ్చు.

హీప్ ఫైళ్లు ఐదు ఉన్నాయి. ఏది పెట్టుకోవాలి?

సందేహంలో ఉంటే హీప్ 4. ఒకటోది ఇవ్వడమే తప్ప తిరిగి తీసుకోదు, మొదట్లోనే అన్నీ సృష్టించి ఊరుకునే పరికరానికి అదే చక్కనిది. రెండోది తీసుకుంటుంది కానీ పక్కపక్క ఖాళీలను కలపదు. మూడోది మీ కంపైలర్ మాలాక్‌కే కాపలా పెడుతుంది. నాలుగోది ఖాళీలను కలుపుతుంది. ఐదోది విడివిడిగా ఉన్న మెమరీ ముక్కల మీద కూడా నడుస్తుంది. అసలు హీప్ అంటేనే నచ్చనివారికి ఎక్స్‌టాస్క్‌క్రియేట్‌స్టాటిక్ ఉంది, స్టాక్‌ను మీరే ప్రకటించి ఇవ్వవచ్చు. లింకర్ దశలోనే మెమరీ చాలదని తెలిసిపోతుంది. పొలంలోనో స్తంభం మీదో పెట్టి వచ్చే పరికరమైతే నేను స్టాటిక్ వైపే మొగ్గుతాను.

స్టాక్ ఎంత ఇవ్వాలో ముందే తెలుసుకోవడం ఎలా?

ముందే కచ్చితంగా తెలియదు. ఎక్కువ ఇచ్చి, కొలిచి, తగ్గించాలి. యూఎక్స్‌టాస్క్‌గెట్‌స్టాక్‌హైవాటర్‌మార్క్ అనే పొడవాటి ఫంక్షన్, ఇంతవరకు స్టాక్‌లో కనీసం ఎంత మిగిలిందో చెబుతుంది. సున్నాకు దగ్గరైతే ప్రమాదం. కొలిచేటప్పుడు పరికరం చేత అరుదైన పనులు కూడా చేయించాలి. వైఫై తెగిపోవడం, కార్డు నిండిపోవడం, తప్పుడు సందేశం రావడం లాంటివి. స్టాక్ పొంగేది సాధారణంగా తప్పులను సరిచేసే దారిలోనే, ఎందుకంటే అక్కడే ఎవరో ఒకరు 512 బైట్ల లోకల్ బఫర్, ఒక ప్రింట్ఎఫ్ పెట్టి ఉంటారు.

కాన్ఫిగ్‌లో పొంగు తనిఖీని 2గా పెట్టండి. టాస్క్ పుట్టినప్పుడు స్టాక్ నిండా ఒక తెలిసిన విలువ నింపి, టాస్క్ మారే ప్రతిసారీ చివరి కొన్ని బైట్లు చెదిరాయేమో చూస్తుంది. చెదిరితే మీ హుక్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ చివరి బైట్లను దాటుకుని దూకే పొంగును మాత్రం ఇది పట్టుకోలేదు.

సాఫ్ట్‌వేర్ టైమర్ కాల్‌బ్యాక్‌లో ఆగవచ్చా?

వద్దు. కాల్‌బ్యాక్‌లన్నీ ఒకే టైమర్ టాస్కులో వరుసగా నడుస్తాయి. ఒకటి ఆగితే దాని వెనకున్న టైమర్లన్నీ ఆలస్యమవుతాయి.

49 రోజులకు టిక్ లెక్క తిరిగి సున్నాకు వస్తుందట. అప్పుడు అంతా ఆగిపోతుందా?

32 బిట్ల కౌంటర్, 1000 హెర్ట్జ్ అయితే 49.7 రోజులు. కెర్నల్ దీనికి సిద్ధంగానే ఉంటుంది: నిద్రపోయే టాస్కులకు రెండు జాబితాలు పెట్టుకుని, కౌంటర్ తిరిగినప్పుడు వాటిని అటూ ఇటూ మార్చుకుంటుంది. చెడేది మన కోడ్. ఇప్పటి టిక్, గడువు టిక్ కంటే పెద్దదా అని పోల్చిన లైను ఆ రోజు తప్పు చెబుతుంది. ఇప్పటి టిక్ నుంచి మొదలైన టిక్‌ను తీసివేసి, ఆ తేడాను వ్యవధితో పోల్చితే కౌంటర్ తిరిగినా లెక్క సరిపోతుంది. 16 బిట్ల టిక్ ఎంచుకున్న చిన్న ప్రాసెసర్లలో ఇదే సంగతి 65 సెకన్లకోసారి వస్తుంది. పరీక్షించడానికి అదొక వరమే.

క్యూబ్ఎమ్‌ఎక్స్ (ఎస్‌టీఎమ్32కు ప్రాజెక్టు కోడ్ తయారుచేసే సాధనం) ఇచ్చిన కోడ్‌లో ఈ పేర్లేవీ లేవు. ఓఎస్‌థ్రెడ్‌న్యూ, ఓఎస్‌డిలే అని ఉన్నాయి?

అది సీఎమ్‌సిస్ ఆర్‌టాస్ అనే పై పొర. ఏఆర్‌ఎమ్ సంస్థ వేర్వేరు కెర్నల్‌లకు ఒకే ముఖం ఉండాలని చేసింది. లోపల నడిచేది ఫ్రీఆర్‌టాసే. రెండో వెర్షన్‌లో స్టాక్ పరిమాణం బైట్లలో ఇవ్వాలి, ఇంటరప్ట్‌లో ఉన్నామో లేదో ఫంక్షనే చూసుకుంటుంది. ఇంటరప్ట్ నుంచి క్యూలో పెట్టేటప్పుడు వేచి ఉండే సమయం 0 ఇస్తే చాలు. ఏ పేర్లు వాడినా సరే, ఒకే ఫైల్లో రెండు పొరలనూ కలపకండి. రేపు జెఫిర్ అనే మరో ఆర్‌టాస్‌కు మారాల్సి వస్తే అక్కడ టాస్క్ ప్రాధాన్యంలో చిన్న సంఖ్యే గొప్పది, రుణ సంఖ్యలు కూడా ఉంటాయి. వీఎక్స్‌వర్క్స్‌లోనూ 0 అన్నింటికంటే పైది. అంకెలను కోడ్ నిండా చల్లకుండా ఒక హెడర్‌లో పేర్లు పెట్టి ఉంచితే మార్చడం ఒక పూట పని.

వీటాస్క్‌స్టార్ట్‌షెడ్యూలర్ తర్వాతి లైను నడవడం లేదు.

నడవకూడదు. అక్కడి నుంచి ప్రాసెసర్ టాస్కుల చేతికి వెళ్లిపోతుంది. ఆ లైను నడిచిందంటే సాధారణంగా ఐడిల్ లేదా టైమర్ టాస్కుకు హీప్‌లో చోటు చాలలేదని అర్థం. కాన్ఫిగ్‌లో మొత్తం హీప్ పరిమాణం పెంచి చూడండి. ఈఎస్‌పీ32లో అయితే ఈ ఫంక్షన్‌ను మీరు పిలవనే కూడదు. యాప్‌మెయిన్ మొదలయ్యే సరికే షెడ్యూలర్ నడుస్తూ ఉంటుంది, అందులో రిటర్న్ రాసినా ఇబ్బంది లేదు.